తలకింద తువ్వాలు

పక్క చేలో పురుగుమందు కొడుతున్నారు. ఆ ఘాటు వంటింట్లోకి రాగానే నా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. ఆ వాసన తగిలితే చాలు, రాజమండ్రిలో డాక్టర్ సుభద్రమ్మ గారి వరండా కళ్ళముందుకు వస్తుంది. తొంభైల్లో వాళ్ళింట్లో వంట చేసేదాన్ని. నా చదువు నాలుగో తరగతితో సరి. అయినా ఆ వరండాలో విన్న మాట ఒక్కటీ మరిచిపోలేదు.

ఆవిడ అంతకుముందు నిడదవోలులో పురుళ్ళ డాక్టరు. సొంత నర్సింగ్‌హోమ్, మంచి పేరు. నలభై దాటాక అదంతా వదిలేసి రాజమండ్రి పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో చేరారు. లారీ గుద్దినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు ముందుగా వచ్చిపడే చోటు అది. ఆ రోజుల్లో డాక్టర్లెవరూ కోరి అక్కడ ఉండేవారు కారు. వంతు తీరగానే వెళ్ళిపోయేవారు. ఆవిడ అన్నగారు భోజనాల దగ్గర ఎత్తిపొడిచారు: "సొంతిల్లు వదిలి సత్రంలో కాపురమా సుభద్రా?"

"లారీ గుద్దినవాణ్ణి ఓ రోజు నా గుమ్మంలో దించారన్నయ్యా. పురుడు తప్ప ఇంకోటి చేతకాక బొమ్మలా నిలబడ్డాను. ఆ సిగ్గు నీకు తెలీదులే. పప్పు వేసుకో."

తనకంటే ఎంతో చిన్నవాళ్ళ దగ్గర మళ్ళీ పని నేర్చుకున్నారు. నెలకో ఆదివారం చుట్టుపక్కల ఊళ్ళ క్యాజువాల్టీ డాక్టర్లను ఇంటికి పిలిచేవారు. "ఎవరికి వాళ్ళం ఒంటరిగా ఏడవడం దేనికి, కలిసి ఏడుద్దాం" అనేవారు. అక్కడొక కట్టుబాటు ఉండేది: ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకున్నాకే పెసరట్టు. మొదటి తప్పు ఎప్పుడూ ఆవిడదే.

ఒక ఆదివారం కాకినాడ నుంచి వచ్చిన కుర్ర డాక్టరు రమేష్ బాబు గారు అట్టు వద్దన్నారు. "ఇదే నా చివరి ఆదివారం మేడం. స్కానింగ్ సెంటర్లో చేరిపోతున్నాను."

"ముందు తప్పు చెప్పవయ్యా, తర్వాత పారిపోదువు గాని."

"తప్పేంటో తెలిస్తే కదండీ! చేలో మందు కొడుతూ పడిపోయిన రైతు. బట్టలు తీయించాం, ఒళ్ళు కడిగించాం, ఇంజెక్షన్లు ఇచ్చాం. తేరుకుంటాడు, కాసేపటికి మళ్ళీ నోట నురగ. మూడు రోజులుగా ఇదే. ఈ పొద్దున మరీ అన్యాయం. వాళ్ళావిడ నా చేతులు పట్టుకుని ఏడుస్తోంది."

అందరూ మందుల మోతాదుల గురించి మాట్లాడుతున్నారు. మా ఆయనా చేలో మందు కొట్టేవాడే. నేను అట్టు పళ్ళెం పట్టుకుని, అడగనా వద్దా అని అక్కడే నిలబడ్డాను. సుభద్రమ్మ గారు చూశారు. "ఏంటి సత్యవతీ? అడుగు."

"మూతికి కట్టుకున్న తువ్వాలు ఏం చేశారండీ?"

రమేష్ బాబు గారు తెల్లబోయారు. "ఏ తువ్వాలు?"

"మందు కొట్టేటప్పుడు మూతికి చుట్టుకుంటారండీ. మందంతా దానికే పడుతుంది. మీ ఆసుపత్రిలో తలగడలు ఇవ్వరు కదండీ. వాళ్ళావిడ దాన్నే మడిచి తలకింద పెట్టిందేమో! ఆ మందు మళ్ళీ మళ్ళీ ఒంటికెక్కదాండీ?"

ఆయన కుర్చీ తోసేసి ఫోను దగ్గరికి పరుగెత్తారు. అవతల నర్సు చూసి వచ్చేలోపు అందరూ లేచి ఆయన చుట్టూ మూగారు. "ఉందా? తలకిందే ఉందా? తీయించండి సిస్టర్! తల మళ్ళీ కడిగించండి, వచ్చేస్తున్నాను!" ఫోను పెట్టి నా వైపు తిరిగారు. కళ్ళనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు. "పిన్నిగారూ, అట్టు పొట్లం కట్టండి, బస్సులో తింటాను."

"కట్టుబాటు కట్టుబాటే" అన్నారు సుభద్రమ్మ గారు.

"ఒళ్ళంతా చూశాను గాని తలకింద చూడలేదు మేడం."

అప్పుడు ఆవిడే పొట్లం అందించారు.

ఆ రైతు తన కాళ్ళతో నడిచి ఇంటికి వెళ్ళాడు. రమేష్ బాబు గారు స్కానింగ్ సెంటర్ గుమ్మమే తొక్కలేదు. నన్నేమో సుభద్రమ్మ గారు క్యాజువాల్టీలో ఆయాగా చేర్పించారు. "ఇక్కడ అట్లు నేను మాడ్చుకుంటాలే" అన్నారు. మరుసటి నెల వరండాలో నాకూ కుర్చీ వేశారు. "నీ తప్పు చెప్పు సత్యవతీ."

"పళ్ళెంలో అట్టు చల్లారిపోయేదాకా అడగకుండా నిలబడ్డానండీ" అన్నాను.

ఆవిడ లేచి, వంటింట్లోకి వెళ్ళి, వేడివేడి పెసరట్టు తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఇప్పుడు పొయ్యి కట్టేసి, పక్క చేను వైపు దడి దగ్గరికి వెళ్ళాను. "ఏమయ్యా సూర్యం, ఆ తువ్వాలు ఇంట్లోకి తీసుకుపోకు!"

"ఎన్నిసార్లు చెప్తారండీ?" అని చేలోంచి నవ్వాడు.

"నువ్వు కొట్టిన ప్రతిసారీ" అన్నాను.