వినబడనిచోట వదిలిన ఖాళీ

1964వ సంవత్సరం. కోయంబత్తూరులో మిల్లు సైరన్‌ను బట్టి ఇళ్లలో గడియారాలు సరిచేసుకునే రోజులు. మా ఇంటి ముందు హాలులో ఆరు టైప్‌రైటర్లతో, నాలుగు బల్లలతో నేనొక ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ణి. స్టెనోగ్రాఫర్ పరీక్షకు వెళ్లేవారు నా దగ్గర మూడు అభ్యాస పుస్తకాలు దాటాలి. మొదటిదానిలో షార్ట్‌హ్యాండ్ గీతలు, రెండవదానిలో గ్రామలాగులు, అంటే తరచుగా వచ్చే మాటలకు పొట్టి గుర్తులు, మూడవదానిలో వేగం కోసం నలభై ఇంగ్లీషు పాఠాలు. ఎవరు ఏ తేదీన ఏ పాఠం ముగించారో, ఎన్ని తప్పులు చేశారో డైరీలో రాసుకోవడం నా అలవాటు.

జనవరి 6న రంగనాయకి చేరింది. వయసు ఇరవై మూడు. సూలూరు వైపు ఒక మిల్లులో వైండింగ్ పని, అంటే యంత్రాల మీద నూలు చుట్టడం. ఇతరులకు నాలుగు నెలలు పట్టే మొదటి పుస్తకాన్ని ఆమె యాభై రెండు రోజుల్లో ముగించింది. ఆగస్టు నాటికి మూడవ పుస్తకం మొత్తం తిరగేసి, నిమిషానికి ఎనభై మాటల వేగం అందుకుంది.

ఆగస్టు 19న ఇరవై ఏడవ పాఠం చదువుతూ, దగ్గు వచ్చి, గోడవైపు తిరిగి ఆగిపోయాను. ముగ్గురి పెన్సిళ్లు ఆగాయి. రంగనాయకి పెన్సిల్ ఆగలేదు. నేనింకా పలకని రెండు వాక్యాలను అదే వేగంతో రాసి, ముగింపు గుర్తు పెట్టి, అప్పుడు తలెత్తింది.

మరునాడు పాఠంలో కొన్ని మాటలు మార్చి చదివాను. కొన్నిచోట్ల నేనన్న మాట రాసింది. కొన్నిచోట్ల నేననని, పుస్తకంలోని మాట రాసింది. పాఠాలన్నీ కంఠస్థం చేసిందని తేల్చుకున్నాను. పరీక్ష దరఖాస్తు మీద నేర్పినవారి సంతకం, మా ఊరి తెలుగులో కైయెత్తు, ఉండాలి. గడువుకు ఇంకా తొమ్మిది రోజులు.

ఆ పూటే హాలు చివర, వంటింటి గుమ్మంలో, నా భార్య రుక్మిణితో గొంతు బాగా తగ్గించి అన్నాను: "ఆ అమ్మి రాసేది వేగం కాదు, వల్లెవేత. నేను కైయెత్తు పెట్టేది లేదు."

"పాపమండి. కానీ ఆ అమ్మి కన్ను ఆర్పకుండా చూస్తా ఉంటే నాకు ఒక మాదిరి బయంగా ఉండాది."

ఆరు మిషన్లూ మోగుతున్నాయి. రంగనాయకి బల్లకూ మాకూ ముప్పై అడుగుల దూరం.

సాయంత్రం ఆమె నోటుపుస్తకం దిద్దుతుండగా, పాఠం కింద మరి కొన్ని గీతలు కనిపించాయి. షార్ట్‌హ్యాండ్ అక్షరాలను కాదు, ధ్వనులను రాస్తుంది; ఏ భాషకైనా లొంగుతుంది. కూడబలుక్కుని చదివితే తెలుగు వచ్చింది. గుమ్మంలో నేనన్న మాటలు. వాటి కింద రుక్మిణి అన్న మాటలు. ఒక్కటీ తప్పు లేదు. అన్నిటికీ కింద ఇంకొక వాక్యం: "కైయెత్తు పెట్టండి సార్."

మరునాడు అదే గుమ్మంలో నిలబడి, గొంతు అసలు కలపకుండా, పెదవులు మాత్రం కదిలించాను: రేపు సెలవు. ఆమె పెన్సిల్ కదిలింది. తర్వాత ఆమె వెనక్కి వెళ్లి మూడుసార్లు గట్టిగా పేరు పెట్టి పిలిచాను. హాలంతా తిరిగి చూసింది. ఆమె తిరగలేదు.

ఎదురుగా కూర్చుని అడిగాను: "చెవి పోయిందా?"

"ఎడమది పోయింది సార్. కుడిది పోతా ఉండాది. మిషిన్ల సద్దులో చెవితో వినేది ఎవురు? మూతి చూసే మేము మాట్లాడుకునేది. మేస్త్రీని తిట్టేదీ అట్లే!" అని నవ్వింది.

"నేను అటు తిరిగినప్పుడో?"

"అప్పుడు పుస్తకం ఉండాది కదా సార్. నలబై పాటాలూ వొచ్చు."

"పరీక్షలో పుస్తకంలో లేనిది చదువుతారమ్మా."

నవ్వు ఆగింది. "తెలుసు సార్. ఇంకా రెండేండ్లు వైండింగులో ఉంటే కుడిదీ పోతుంది. ఆపీసులో అయితే ఎదురుగా ఒక మొగమే. దాన్ని చదివేస్తాను."

ఒక షరతు మీద సంతకం చేశాను: అందని మాటను ఊహించి నింపకూడదు, ఎన్ని మాటలు పోతే అంత ఖాళీ వదలాలి. ఆరు వారాలపాటు, కొత్త కొత్త పాఠాలు చదువుతూ, నడుమ నడుమ కాగితంతో మూతి కప్పుకునేవాణ్ణి. మొదటి వారం ముప్పై ఒక్క చోట్ల ఆ చెయ్యి తనంతట తానే మాటలు పుట్టించింది. "ఖాళీ వదిలితే బావిలోకి కాలు పెట్టినట్టు ఉండాది సార్" అనేది. ఆరవ వారం నింపినది సున్న.

పరీక్షలో నాలుగు వందల మాటలు. ఇరవై తప్పుల వరకు చెల్లు. ముందుబల్ల అడిగి కూర్చుంది. చదివిన ఆయన రెండుసార్లు కాగితం ముఖానికి అడ్డంగా ఎత్తాడట. "పదకొండు మాటలు వదిలేసినాను సార్" అని వచ్చి నాకు చెప్పింది. ప్యాసయింది. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగమూ వచ్చింది. నాటినుంచి నేను నోటుపుస్తకం దిద్దేటప్పుడు ఖాళీలను చూసి కోపగించుకోలేదు. అడ్డూ ఆపూ లేకుండా నిండిన పేజీనే రెండుసార్లు చదివాను.

1971లో, కినత్తుకడవు దగ్గర, మా బస్సు పక్కన ఇంకొక బస్సు ఆగింది. కిటికీలో రంగనాయకి. నన్ను చూసి, గొంతు లేకుండా, తాపీగా ఏదో చాలాసేపు చెప్పింది. అర్థం కాలేదని తల అడ్డంగా ఊపాను. మొదటినుంచి మళ్లీ చెప్పింది. ఆమె బస్సు కదిలింది. పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

"ఏమి చెప్పె ఆ అమ్మి?" అని పక్కన కూర్చున్న రుక్మిణి అడిగింది.

ఆ సందర్భానికి తగిన మాటలు నాకు పది తోచాయి. ఇంటికి వచ్చి డైరీలో తేదీ, చోటు, వేళ రాశాను. కింద రెండు వరుసలు ఖాళీగా వదిలాను. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.