ఒలిచిన గుడ్డు

పేదపిల్లల కోసం బడ్జెట్‌లో కోట్లు పెట్టామని టీవీలో చెప్పినప్పుడల్లా, పిడుగురాళ్ల సున్నపుబట్టీల దగ్గరి అంగన్‌వాడీ ఆయా నాకు గుర్తొస్తుంది. రోజుకు వెయ్యి గుడ్లు ఒలిచేది. సరే, కోతలు చాలు, పాతిక ఉంటాయేమో. ఒలవని గుడ్డు మాత్రం ఏ పిల్ల చేతికీ ఇచ్చేది కాదు. తన ముందే తినాలి.

ఒకరోజు నేనక్కడుండగా బట్టీ కూలికి పోయే ఒకామె, “ఒలవబాక అక్కా, ఇంటికి తీసకపోతా,” అంది.

“ఎందుకే? నీ మొగుడు మందులోకి నంజుకోటానికా?”

“కాదక్కా. పెద్దదానికి జొరం. వయసు దాటిందని దానికి ఇక్కడ పెట్టరు గదా.”

ఆయా గుడ్డు ఒలిచి, ఆమె చిన్నకూతురి చేతిలో పెట్టింది. ఆ పిల్ల సగం కొరికి, మిగతా సగం గుప్పిట్లో దాచుకుని ఇంటికి పరిగెత్తింది.

ఆయా నావైపు తిరిగింది. “ఏంది బాబాయ్, అట్టా చూస్తావు? పిల్ల మొత్తం తినేసింది గదా!”

“తినేసిందమ్మా,” అన్నాను. “నేనూ చూశా.”