ఇంజను రొద

ఎనభైల మొదట్లో ఒక మధ్యాహ్నం ములుగు నుంచి వరంగల్లు వస్తున్నాను. అడవిలో రోడ్డు ఒక్కసారిగా కిందికి దిగేచోట, అప్పటిదాకా మెత్తగా నడుస్తున్న బస్సు ఇంజను పెద్దగా రొద పెట్టింది. ఏదో విరిగిందనుకుని ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకున్నాను.

పక్కన కూర్చున్న నడివయసామె నా వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించి, ఆ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

“భయపడకు చెల్లె. డ్రైవర్ గేరు దించిండు, గంతే. గిప్పుడు ఇంజనే బండిని ఉరకనిస్తలేదు.”

“నీకెట్ల తెలుసు అక్కా?”

“మా ఇంటాయన లారీ నడిపేటోడు. డౌన్ల ఉత్త బ్రేకును నమ్మొద్దని అన్నం తినుకుంట గూడ చెప్పేటోడు.”

“ఇప్పుడు నడుపుతలేడా?”

ఆమె కిటికీ వైపు తిరిగి, “ఒక్కనాడు తనే నమ్మిండు చెల్లె,” అంది.

రోడ్డు చదునయ్యాక కూడా నేను చెయ్యి తీసుకోలేదు. హన్మకొండలో దిగేముందు ఆమె దాన్ని మెల్లగా నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

ఇప్పటికీ బస్సు దిగుడులో రొద పెడితే నాకు కునుకు పడుతుంది. చప్పుడు లేకుండా దిగుతుంటేనే, నా చెయ్యి పక్కవాళ్ళ చేతిని వెతుక్కుంటుంది.