మట్టి పాపాయికి దిష్టిచుక్క

అంబాజీపేట నరసాయమ్మ బహ్రెయిన్ వచ్చి నాలుగేళ్ళయింది. అక్కడి అద్లియా పేటలో వేంకటాచలం గారింట్లో వంట, అంట్లు, తుడుపు అన్నీ ఆమెవే. కూతురికి కొడుకు పుట్టి ఎనిమిది నెలలు దాటింది. ఆ మనవడిని ఒక్కసారి ఒళ్ళో పెట్టుకుని రావాలని ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది. పాస్‌పోర్టేమో అయ్యగారి బీరువాలో ఉంది. "వచ్చే నెల చూద్దాంలే" అని ఆయన అప్పటికి ఆరుసార్లు అన్నారు.

ఆయనకు వేరే పసివాడితో తీరిక లేదు మరి. తొంభై ఆరులో లండన్ వేలంలో ఓ మట్టి పాపాయిని కొనుక్కొచ్చారు. మూడు వేల ఏళ్ళ కిందట మెక్సికోలో ఓల్మెక్ జనం చేసిందట. కాళ్ళు చాపుకుని కూర్చున్న తెల్లటి బొమ్మ, లోపలంతా డొల్ల. దానికి అద్దాల పెట్టె, మెత్తటి పరుపు, రాత్రింబవళ్ళు ఏసీ. కాఫీకి వచ్చిన ఏ తెలుగువాడూ ఉపన్యాసం వినకుండా బయటపడలేదు. "ఆ పెదవుల వంపు చూశారా, పులి నోరు. ఆడా కాదు, మగా కాదు. అదీ ఆ కళలోని రహస్యం" అంటూ, నిన్న పుస్తకంలో చదివింది ఇవాళ తానే కనిపెట్టినట్టు చెప్పేవారు. ఆయన భార్య సీతారత్నం గారు పమిట చాటున ఆవులించేవారు.

దుమ్ము దులిపేటప్పుడు నరసాయమ్మ కూడా ఆ బొమ్మను చూసేది. తొడల మీద మడతలు, ఉబ్బిన కళ్ళు, ఏడవబోతూ కిందికి జారిన పెదవి. చేసినవాడెవడో గాని పిల్లల్ని ఎత్తుకు తిరిగిన మనిషే అనుకుంది. పులి మాత్రం ఎంత వెతికినా కనపడలేదు. ఇందరి కళ్ళు పడే బిడ్డకు చుక్కయినా పెట్టరేమని ఆమెకు ఒళ్ళు మండింది. మనవడి కోసం పట్టి దాచిన కాటుక తీసి, ఉంగరం వేలితో బొమ్మ బుగ్గన దిద్దింది.

ఆ శుక్రవారమే ఓ విదేశీ పండితుడు వచ్చాడు. భూతద్దం పెట్టి చూస్తూ చుక్క దగ్గర ఆగిపోయాడు. ఓల్మెక్ వాళ్ళు బొమ్మలకు తారు పూసేవారనీ, ఈ చుక్క అదేననీ, ఇంత అరుదైన గుర్తు తానెక్కడా చూడలేదనీ, గురువారం ఫొటో తీసి తన పుస్తకంలో వేస్తాననీ అన్నాడు. సిత్రా చమురు రిఫైనరీలో ఇరవై ఏళ్ళుగా ఇంజనీరుగా ఉన్న వేంకటాచలం గారు గంభీరంగా తలూపారు. "నేను మొదటే పసిగట్టాను" అన్నారు.

సీతారత్నం గారు ఆ తారు ముచ్చట నరసాయమ్మకు చెప్పారు. తన పని బయటపడితే ఇక ఊరెళ్ళే యోగం లేదనుకుని, ఆమె మర్నాడు తడిగుడ్డతో చుక్క తుడిచేసింది.

సాయంత్రం అయ్యగారు ఇల్లు దద్దరిల్లేలా అరిచారు. "చుక్క ఏది?"

"ఆయ్, అది నా కాటుకండి. దిష్టి తగలకుండా నేనే పెట్టేనండి. తప్పయిపోయిందని తుడిసేసేనండి."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. గొంతు తగ్గించి, "గురువారంలోగా మళ్ళీ పెట్టగలవా? సరిగ్గా అక్కడే?" అన్నారు.

నరసాయమ్మకు భయం వదిలిపోయింది. అయ్యగారి పరువు ఇప్పుడు తన వేలి కొసన ఉందని తెలిసింది.

"పెడతానండి. ముందు నా పాస్‌పోర్టు ఇప్పించండి, మనవణ్ణి సూసొత్తాను."

బీరువా తెరుచుకుంది. చుక్క పడింది. ఫొటోలూ అయ్యాయి.

ప్రయాణం నాడు ఆయన గుమ్మం దాకా సాగనంపారు. ఆ మర్యాద ఇంతకుముందెప్పుడూ లేదు.

"నరసాయమ్మా, ఆ కాటుక భరిణె ఇక్కడుంచి వెళ్ళు. ఎప్పుడైనా చెరిగిపోతే కష్టం."

"ఇది మా మనవడికండి" అంది నరసాయమ్మ, సంచి భుజాన వేసుకుంటూ. "సిత్రాలో మీకు తారుకేం కరువండి."