మెమరీకి ఆకురాయి పట్టిన కథ

ఆ రోజుల్లో, అంటే కంప్యూటర్ల లోకంలో నేనింకా పాలు తాగే పసివాడిగా ఉన్న రోజుల్లో (వయసు మాత్రం అరవై దాటింది), మా యాడికి ఊరి చుట్టుపక్కల ల్యాప్‌టాప్ విప్పి మెమరీ మార్చిన మొదటి మొనగాణ్ని నేనే. నలభై ఏళ్లు బోరు మోటార్లు విప్పి బిగించిన చేతులకు, వేలెడంత ముక్క ఒక లెక్కా!

అవసరం మా కోడలిది. పెళ్లయ్యాక మొదటిసారి ఆమెకు ఒక ఉద్యోగానికి పిలుపొచ్చింది, ఇంట్లో కూర్చునే చేసే పని. మూడో రోజు పొద్దున కెమెరా ముందు కూర్చుని పరీక్ష రాయాలి. పాత ల్యాప్‌టాప్ ఏమో కెమెరా తెరవగానే కొయ్యబారిపోయేది. “మెమరీ చాల్లేదు మామా, నాలుగు జీబీనే ఉండాది. ఎనిమిదిది ఏస్తే నడుస్తాది. పాతది ఊడదీసి పెట్టినా, ఇది చూపించి తీస్కరా” అంది. “నాకు చెప్తాండావా?” అని ఆ ముక్కను ఇంట్లోనే వదిలి గుత్తి బస్సెక్కాను. అంగడాయన “ఏ మోడలు పెద్దాయనా?” అన్నాడు. “నల్లది” అన్నాను. “పాతదా, కొత్తదా?” అన్నాడు. “బాగా తుడిచి పెట్టుకుంటాది, కొత్తదే అనుకో” అన్నాను.

ఇంటికొచ్చి చూస్తే, తెచ్చింది పాతదానికి కవలపిల్లలాగే ఉంది గానీ, అంచున కోసినట్టుండే గంటు మాత్రం పక్కకు జరిగి ఉంది. లోపల కూర్చోదు. మోటారు పనిలో ఒక ముక్క పట్టకపోతే ఏం చేస్తాం? ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దుతాం, పడుతుంది. కోడలు వచ్చేసరికి నా పంచె మీద బంగారు రంగు పొడి మెరుస్తోంది.

“ఏం చేస్తాండావు మామా?”

“గంటు తగులుకుంటాంది. ఇంగో రెండు రుద్దులు, కూచుంటాది.”

ఆమె ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, చిన్నగా నవ్వి లోపలికి వెళ్లింది.

మర్నాడు పాత ముక్కను రుమాలులో చుట్టుకుని మళ్లీ గుత్తి పోయాను. అంగడాయన నా పనితనం చూసి పక్క అంగళ్లవాళ్లను కూడా పిలిచి చూపించాడు (నాకు సన్మానం అలవాటే). అందరూ పోయాక అడిగాడు: “మోటార్ల పనా నీది? త్రీఫేజు మోటారును సింగిల్ ఫేజుకు తగిలిస్తావా? మీ మిషనుకు కావాల్సింది డీడీఆర్ త్రీ రకం, ఇది ఫోర్. కరెంటే వేరే. తప్పుది ఎక్కించకుండా ఆపేదానికే గంటు అట్ల పెట్టినారు. నువ్వు దాన్నే రుద్దేస్తివి కదప్పా!” జన్మలో నాకెవరూ ఇంత తేటగా చెప్పలేదు. ఆయన పాత సామాన్ల డబ్బా అంతా కింద కుమ్మరించి, ఒక్కొక్క ముక్క మీది చీటీ చదివి, సరైనది దొరికేదాకా భోజనానికి కూడా లేవలేదు. ఇప్పటికీ అటు పోతే ఆ అంగడి ముందు ఆగి ఒక దణ్ణం పెడతాను. “ఆకురాయి తెచ్చినావా పెద్దాయనా?” అంటాడు.

ఇక ఒక మాట ఒప్పుకోవాలి. మొనగాణ్ని అన్నాను గానీ, ఆ మెమరీని బిగించింది కోడలే. నేను టార్చి పట్టుకున్నాను (పట్టపగలు). ఆమె పరీక్ష రాసింది, ఉద్యోగం వచ్చింది. ఆకురాయి పట్టుకుని ల్యాప్‌టాప్ మీదికి పోయిన ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. తిట్టాల్సినచోట నవ్వి ఊరుకున్న మా కోడలికి మాత్రం ఎన్నిసార్లు మొక్కినా తక్కువే.

ఇదంతా రాసి ఆమెకే చదవమని ఇచ్చాను. చదివి కాగితాలు నా ముందు పెట్టింది.

“యాడ నవ్వినా మామా? వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చినా. నువ్వు వింటే తెల్లారి మళ్లా గుత్తికి పోవేమోనని. అది రాయి.”