అక్క గిన్నెల మీద పేరు

మా చిన్నప్పుడు... మార్కాపురం బజార్లో మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. పెళ్ళి సారె కొనేవాళ్ళు గిన్నెలన్నీ ఏరుకున్నాక వాటి మీద పేర్లు కొట్టడం నాయన పని. ముందు పేరు పలక మీద రాసి చూపించి, వాళ్ళు సరే అన్నాకే మిషను అందుకునేవాడు. పలక మీద రాసే పని నాది. పలకల గనులున్న మా ఊళ్ళో పలకలకు కరువా... విరిగిన ముక్కలు దుకాణం మెట్ల కింద ఎప్పుడూ పడుండేవి.

పెళ్ళికూతురి పేరు ముందు అత్తగారింటి పేరులోని మొదటి అక్షరమే పడేది. తాళి కట్టకముందే, మా దుకాణంలోనే ఆ పిల్ల ఇంటిపేరు మారిపోయేది. నీకేది కావాలమ్మా అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నాయన కూడా అడిగేవాడు కాదు.

మా అక్క విజయకు గిద్దలూరు సంబంధం కుదిరింది. అప్పటికే తను ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుండేది. సారె సామాను ముందేసుకుని నాయన నన్ను రాయమన్నాడు. 'మ. విజయ' అని రాశాను. 'మ' వాళ్ళ ఇంటిపేరుది. అక్క వచ్చి, కొంగు తడిపి 'మ' తుడిచేసి, మా ఇంటిపేరులోని 'గ' రాసింది. నాయన నవ్వి మళ్ళీ రాయమన్నాడు. రాశాను. అక్క మళ్ళీ తుడిచింది. ఈసారి నాయన నవ్వలేదు.

"నా పేరు నాకుండనీ నాయనా. పెళ్ళైతే నేను వేరే మనిషినైతానా ఏంది?"

నాయన కోప్పడలేదు... అదే ఇప్పటికీ నా బాధ. కోప్పడి ఉంటే అక్క పంతం పట్టేది. బతిమాలాడు.

"మన పేరుతో సామాను పోతే వాళ్ళు నిన్ను ఎప్పటికీ పరాయిపిల్లగానే చూస్తారు తల్లీ. వాళ్ళ పేరుంటే ఆ ఇల్లు నీదైతాది."

అమ్మ కూడా నాయనకే వంతపాడింది. అక్క పలక కింద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు మిషను చప్పుడు పొద్దుగూకేదాకా వినపడుతూనే ఉంది. గంగాళం నుంచి ఉగ్గుగిన్నె దాకా అన్నిటి మీదా 'మ'.

ఆ ఉగ్గుగిన్నె వాడే రోజు రాలేదు. పిల్లలు పుట్టలేదు... అక్క చేసిన తప్పల్లా అదే. బావ ఇంకో పెళ్ళికి సిద్ధపడ్డాడు. అక్క గిద్దలూరు నుంచి బస్సులో ఒక్కతే వచ్చింది. వెనకాలే సామాను లగేజీ ఆటోలో వచ్చింది, గోనెసంచుల్లో కుక్కి.

నాయన గరుకు కాగితం తెచ్చుకుని వరండాలో కూర్చున్నాడు. ఒక చెంబు తీసుకుని 'మ' రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దగా రుద్దగా చుట్టూ మెరుపు పోయి తెల్లటి మచ్చ పడింది గానీ అక్షరం పోలేదు. పలక కాదు కదా... అక్క వచ్చి చెంబు మెల్లగా తీసుకుంది.

"ఉండనీలే నాయనా. గట్టిగా కొట్టినావు."

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అంది. నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ తర్వాత దుకాణంలో ఎవరికీ పేర్లు కొట్టనూ లేదు.

అక్క మళ్ళీ బడికి పోయింది. ఊళ్ళో పిల్లలకు అక్షరాలు దిద్దించింది. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు పోవడం మానేసింది. ఎన్నో ఏళ్ళు అట్లాగే గడిపి, జబ్బుచేసి మా కళ్ళముందే పోయింది.

సాగనంపేముందు పంతులుగారు ఇంటిపేరు, గోత్రం అడిగారు. నాయన మావే చెప్పాడు. పెద్దలు ఊరుకోలేదు... పెళ్ళైన ఆడబిడ్డకు పుట్టింటి గోత్రం ఎట్లా చెబుతారన్నారు. కళ్ళు సరిగా ఆనని ముసలిమనిషి, అందరికీ చేతులు జోడించాడు.

"ఇప్పుడన్నా నా బిడ్డను నా పేరుతో పోనియ్యండయ్యా."

పోనివ్వలేదు. తనను గెంటేసిన వాళ్ళ గోత్రమే చెప్పి అక్కను సాగనంపారు. నాయన కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

మొన్న మా అమ్మాయి అడిగింది... దానికి పెళ్ళి కుదిరింది. "అమ్మా, నేను ఇంటిపేరు మార్చుకోవాలా?" కాబోయే అల్లుడు నీ ఇష్టం అన్నాడట. కాలం మారినందుకు సంతోషించాలి. కానీ మార్చుకోమందామంటే అక్క కళ్ళముందు నిలబడింది. వద్దందామంటే... ఉంచుకున్న పేరునైనా చివరిదాకా నా బిడ్డను ఉంచుకోనిస్తారన్న నమ్మకం నాకు లేదు. ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు.

అక్క చెంబు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. నీళ్ళు ముంచినప్పుడల్లా ఆ మచ్చ మధ్యలో 'మ' వేలికి తగులుతుంది.

ఈ రోజుల్లో గిన్నెల మీద పేర్లు కొట్టించేవాళ్ళు తక్కువ. మీ ఇంట్లో అటక మీద అమ్మ గిన్నె పాతదేదైనా ఉంటే ఒకసారి దించి చూడండి... ఆమె పేరు ముందు ఏ అక్షరం ఉంది? అది కొట్టేముందు ఆమెను ఎవరైనా అడిగారా? అడిగారని తెలిస్తే, ఒక్కరైనా సరే, నాకు చెప్పండి.