మామ కొత్త బుగ్గ

నా చిన్నప్పుడు జమ్మలమడుగు బస్టాండులో మా మామ గొంతు తెలియనివాళ్లు లేరు. మా అమ్మకు అన్న ఆయన, పులివెందుల బస్సుకు కండక్టరు. ఆయన ఒక్క కేక వేస్తే హోటల్లో టీ తాగేవాళ్లు గ్లాసు దించి పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఎంత కేక వేసినా ఒక పక్క బుగ్గలో పొగాకు మాత్రం ఉండాల్సిందే. ఆ బుగ్గలోనే పుండు లేచింది. ఎన్ని మందులు పూసినా మానలేదు. క్యాన్సరని తేలేసరికి బుగ్గ బయటికి కూడా పగిలింది.

మద్రాసులో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. అత్త అప్పుడు పచ్చి బాలింత. అందుకని తోడుండడానికి మా అమ్మ ముద్దనూరులో రైలెక్కింది. ఇంట్లో నన్ను చూసేవాళ్లు లేక వెంటబెట్టుకుపోయింది.

వార్డులో మామను చూడగానే నేను అమ్మ కొంగు చాటుకు పోయాను. పుండు పడిన బుగ్గను మొత్తం తీసేశారు. ఆ చోటు పూడ్చడానికి రొమ్ము మీది చర్మాన్ని భుజం దాకా పొడవాటి పట్టీలా లేపి, దాని కొసను ముఖానికి కుట్టారు. రెండో కొస ఇంకా రొమ్ముకే అంటుకుని ఉంది. మెడ మీదుగా మాంసంతో వంతెన వేసినట్టుంది. బుగ్గ దగ్గర కొత్త నెత్తురు దారులు పడేదాకా పాత చోటు నుంచే నెత్తురు అందాలని, అందుకే తెంచలేదని డాక్టరమ్మ చెప్పింది. నాకేమీ ఎక్కలేదు. వరండాలోకి పోయి కూర్చున్నాను, అమ్మ ఎంత పిలిచినా లోపలికి పోలేదు.

మరుసటి రోజు మామే చేయి ఊపి పిలిచాడు. అప్పటికింకా ఆయన మాట్లాడకూడదు. నా వేలు పట్టుకుని మెల్లగా తన కొత్త బుగ్గ మీద పెట్టాడు. మెత్తగా, వెచ్చగా ఉంది. తర్వాత కళ్లు మూసుకుని, మళ్లీ తాకమని సైగ చేశాడు. తాకాను. ఆయన చేయి బుగ్గ దగ్గరికి రాలేదు. రొమ్ము మీద ఒక చోట తట్టి చూపించాడు. నేను వేలు కొంచెం జరిపితే ఆయన వేలూ రొమ్ము మీద అంతే జరిగింది. నేను తాకుతున్నది ముఖాన్ని, ఆయనకు తెలుస్తున్నది రొమ్ము మీద! నా ఒళ్లు జలదరించింది. ఆ పూటంతా మేమిద్దరం అదే ఆట ఆడాం.

కొన్ని వారాలకు ఆ వంతెనను కోసేశారు. డాక్టరమ్మ కొత్త బుగ్గను వేలితో నొక్కితే తెల్లబడి, వదలగానే మళ్లీ ఎరుపెక్కింది. ఇక అది తనంతట తానే బతుకుతుందని ఆమె అనగానే అమ్మ గోడకు ఆనుకుని ఏడ్చేసింది. ఆ తర్వాత మామ గ్లాసెత్తి నీళ్లు తాగాడు. ఒక్క చుక్క బయటికి కారలేదు.

ఆయన మొదటి మాట నాతోనే అన్నాడు, ముద్దముద్దగా. "ఇంకా భయపడతాండావా మ్మే?"

లేదన్నాను.

"ఊర్లో శానామంది భయపడతారు. నువ్వు నా పక్కనే కూర్చో."

ఊరికొచ్చాక అన్నట్టే జరిగింది. చూడవచ్చినవాళ్లు గోడలకేసి చూస్తూ మాట్లాడారు. పక్కింటి పెద్దాయన నన్ను, నీకు భయం కాదా అని అడిగాడు. "అది మా మామ రొమ్ము మీది తోలే, తాకి చూడు" అన్నాను. మామ ముఖం ముందుకు వంచాడు. ఆ ముసలాయన తాకి, చాలాసేపు చేయి తీయలేదు. తర్వాత మామ మళ్లీ బస్సెక్కాడు. ఊళ్ల పేర్లు సరిగా పలకలేకపోతే ముందు సీట్లోవాళ్లు అందుకుని కేకేసేవాళ్లు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో మా వీధిలో ఒకామెకు క్యాన్సరొచ్చిన నాలుక తీసేసి, తొడ కండతో కొత్త నాలుక కట్టారు. ఒక్క ఆపరేషన్‌తోనే సన్నటి నెత్తురు నాళాలను కుట్టి అతికించారట. చూడడానికి పోతే కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఎదురుగా కూర్చుని ఏం తిన్నావమ్మా అని అడిగాను. కొంచెంసేపటికి కొంగు తీసి, జావ తాగానంది, ఆ కొత్త నాలుకతో. ఎన్నేళ్లు గడిచినా ఈ వింతకు నాకింకా ఒళ్లు జలదరిస్తూనే ఉంటుంది. ముఖం తిప్పుకోవడం మాత్రం ఆనాటి నుంచి నాకు చేతకాదు.